బొడ్డు కోసే తొందర ఎవరికి?

కాన్పుకు ముందు మన స్త్రీలను అడిగే ప్రశ్నలు ఎప్పుడూ తక్కువే. ఆపరేషన్ ఎందుకు చేయాల్సి వస్తోందో చెప్పరు. ఏ మత్తు ఇస్తున్నారో చెప్పరు. గర్భసంచి తీసేసిన సంగతి కొందరికి కుట్లు విప్పేటప్పుడు తెలుస్తుంది. అలాంటి చోట ఇప్పుడు ఒక ప్రశ్న మాత్రం నున్నటి రంగుల కాగితం మీద అచ్చయి, ఏడో నెల నిండకముందే, స్కానింగ్ గది ముందు బల్ల మీద కూర్చున్న గర్భిణి చేతికి వచ్చి పడుతోంది. "మీ బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని దాచుకుంటారా, లేక వృథాగా పారేస్తారా?" గుంటూరు, ఒంగోలు నర్సింగ్ హోములకు వెళ్ళే చదువుకున్న కుటుంబాలకు బాగా పరిచయమైన ఈ కాగితం, ఆ రెండు ఊళ్ళ మధ్య జాతీయ రహదారి మీద వున్న మార్టూరు లాంటి చోట్లకూ మెల్లగా చేరుతోంది. కాస్త సమాజం గురించి ఆలోచించే ఇళ్ళల్లో దీనికి తోడు ఇంకో ప్రశ్న కూడా వినబడుతుంది. "డబ్బు పెట్టి మనకోసం దాచుకోవడమెందుకు? ఎవరికైనా దానం చేస్తే పుణ్యమూ పురుషార్థమూ కదా?"

దాచుకోవడం స్వార్థం, దానం చేయడం త్యాగం అని తేల్చేసి మన కార్యకర్తలు కొందరు రెండోదాని వైపు మొగ్గు చూపడం నేను విన్నాను. కానీ రెండు ప్రశ్నల కిందా వున్నది ఒకే ఊహ. ఆ రక్తం మిగులు రక్తమనీ, ఎవరూ తీసుకోకపోతే మాయతోపాటు బకెట్లోకి పోయేదనీ. ఆ ఊహను ఒప్పుకున్నాక జరిగే చర్చ అంతా ఇంకొకరి పొలాన్ని మనం వాటాలేసుకోవడమే. ఆ పొలం సొంతదారు అప్పుడే పుట్టిన బిడ్డ. ఆ బిడ్డకు ఆ రక్తం అవసరమా కాదా అన్నది ముందు తేలాలి.

బిడ్డ బయటకొచ్చిన క్షణాన బిడ్డకు చెందిన రక్తంలో దాదాపు మూడో వంతు ఇంకా మాయలోనూ బొడ్డుతాడులోనూ వుంటుంది. తాడు కొట్టుకుంటూనే వుంటుంది. వెంటనే క్లాంపు పెట్టి కోసేయకుండా ఆగితే ఆ రక్తం బిడ్డలోకి వస్తుంది. ఒక నిమిషంలో సుమారు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకు సుమారు 100. మూడు కిలోల బిడ్డ ఒంట్లో వుండే మొత్తం రక్తమే పావు లీటరుకు కాస్త అటూ ఇటూ అని గుర్తుంచుకుంటే ఇది ఎంత పెద్ద వాటానో అర్థమవుతుంది. ఆ రక్తంతోపాటు వచ్చే ఇనుము బిడ్డకు ఆరు నెలలదాకా నిల్వగా వుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనూ 2014లోనూ చెప్పింది ఇదే. ఊపిరి అందక వెంటనే చికిత్స చేయాల్సిన బిడ్డ అయితే తప్ప, నిమిషం కాకముందు బొడ్డు బిగించవద్దని. 2018లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం, అనీమియా ముక్త్ భారత్, ఆలస్యంగా బొడ్డు కోయడాన్ని తన పనుల్లో ఒకటిగా చేర్చింది. పైసా ఖర్చు లేని పని. గడియారం చూస్తూ నిలబడటమే.

బ్యాంకు సంచీలోకి ఎంత పడుతుంది? సాధారణంగా 60 నుంచి 100 మిల్లీలీటర్లు. అంకెలు దగ్గర దగ్గరగా వుండటం యాదృచ్ఛికం కాదు. అది ఆ రక్తమే.

కంపెనీవాళ్ళు దీనికి సమాధానం సిద్ధంగా వుంచుకున్నారు. నిమిషం ఆగి కూడా తీయవచ్చు, రెండూ సాధ్యమే అంటారు. తీయవచ్చు, నిజమే. కానీ ఆగినకొద్దీ సంచీలో పడేది తగ్గుతుంది, కణాల సంఖ్య తగ్గుతుంది. సంచీ నిండకపోతే ఎవరికి నష్టమో వాళ్ళ మనిషే ప్రసవగది తలుపు బయట పెట్టె పట్టుకుని నిలబడి వుంటాడు. అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ తన సభ్యులకు 2019లో రాసిచ్చిన మాటల్లో ఇది స్పష్టంగా వుంది. ఇంట్లో జబ్బు చేసిన తోబుట్టువు కోసం తీసే అరుదైన సందర్భం తప్ప, రక్త సేకరణ కోసం బొడ్డు బిగించే సమయాన్ని మార్చకూడదని. ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటేనే ఒత్తిడి ఎటువైపునుంచి వుందో తెలుస్తోంది.

ఇక్కడ మన మంత్రసానుల గురించి ఒక మాట. పురుడు పోసి బొడ్డు కోయడాన్ని మైల పనిగా చూసిన సమాజం మనది. దాన్ని దళిత స్త్రీలకూ, సేవక కులాల స్త్రీలకూ అంటగట్టి, వాళ్ళ చేతుల మీదుగా పుట్టి, మళ్ళీ వాళ్ళనే గడప బయట నిలబెట్టింది. మంత్రసాని పద్ధతులన్నీ గొప్పవని నేననను. శుభ్రంలేని పనిముట్లతో బొడ్డు కోసినందువల్ల పసికందులు ధనుర్వాతంతో పోయిన రోజులు మన అమ్మమ్మలకు తెలుసు. కానీ మాయ పడేదాకా ఆగి అప్పుడు బొడ్డు కోసే అలవాటు చాలామందిలో వుండేది. ఆసుపత్రి వైద్యం ఆ ఆగడాన్ని చాదస్తమని కొట్టిపారేసి, బిడ్డ పడగానే బిగించమని దశాబ్దాలపాటు నేర్పింది. తర్వాత అదే వైద్యశాస్త్రం లెక్కలు చూసుకుని, ఆగడమే సరైనదని ఒప్పుకుంది. చదువులేని ఆడమనిషి చేతిలో వున్నప్పుడు అది మూఢత్వం, మార్గదర్శక సూత్రాల్లో అచ్చయ్యాక అది విజ్ఞానం.

ఈ 80 మిల్లీలీటర్లు ఎవరి బిడ్డకు ఎక్కువ అవసరం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019–21 నాటి లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలలనుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత వుంది. గర్భిణుల్లో 53.7 శాతం. మార్టూరు చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి తీతలకూ మిరప కోతలకూ పోయే స్త్రీలను చూడండి. నెలలు నిండుతున్నా వొంగి కాయలు కోస్తూనే వుంటారు, కల్లాల్లో ఘాటుకు దగ్గుతూ తాలుకాయలు ఏరుతూనే వుంటారు. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతుందని పక్కన పెట్టేస్తారు, తిప్పకుండా వుండే తిండి ఎవరూ పెట్టరు. ఆ తల్లికి పుట్టే బిడ్డకు మొదటి నిమిషంలో అందే రక్తమే ఈ రాజ్యం నుంచి దళారీ లేకుండా అందగల ఒకే ఒక పౌష్టికాహారం. దాన్ని బ్యాంకులో దాచమనడమూ, లోకకల్యాణానికి దానం చేయమనడమూ ఆ బిడ్డ వైపునుంచి చూస్తే ఒకటే.

కూలికి పోయే స్త్రీలను ఈ కంపెనీలు ఎందుకు అడుగుతాయి, వాళ్ళ దగ్గర డబ్బెక్కడిది అని మీరనవచ్చు. అడగవు. రూ.50,000 నుంచి లక్ష దాటేదాకా వున్న పథకాలు వాళ్ళకోసం కాదు. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. 60,000 కట్టాలంటే 200 రోజుల కూలి. అప్పటికి ఆ చట్టం ఒక కుటుంబానికి హామీ ఇచ్చింది ఏడాదికి 100 రోజులే. కానీ ప్రసవగదిలో అలవాటైన తొందర బిడ్డ బిడ్డకూ మారదు. డబ్బున్న కాన్పు దగ్గర సంచీ కోసం తొందరపడిన చెయ్యి, డబ్బులేని కాన్పు దగ్గర అలవాటుకొద్దీ తొందరపడుతుంది. పైగా మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 63 శాతం కోత కాన్పులని అదే సర్వే చెప్పింది. కోత కాన్పులోనూ నిమిషం ఆగవచ్చు. ఒకదాని తర్వాత ఒకటి వరసగా పెట్టుకున్న ఆపరేషన్ల మధ్య ఆగే తీరిక ఎవరికుంటుంది?

ఇంతకీ అమ్ముతున్న సరుకేమిటి? బొడ్డుతాడు రక్తంలో రక్తాన్ని పుట్టించే మూలకణాలున్నాయి. అది బూటకం కాదు. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మాన్ అనే వైద్యురాలు ఫాంకోని అనీమియా వున్న ఒక బాలుడికి అతని చెల్లెలి బొడ్డుతాడు రక్తంతో ప్రపంచంలో మొదటిసారి చికిత్స చేసింది. ఆ తర్వాత రక్త కాన్సర్లకూ, తలసీమియాకూ వేలాదిమందికి ఇది పనికొచ్చింది. న్యూయార్క్ బ్లడ్ సెంటర్ 1990ల మొదట్లోనే అందరికోసం ఒక బ్యాంకు పెట్టింది. జాగ్రత్తగా చూడండి. ఆ బాలుడికి ఎక్కించింది అతని సొంత రక్తం కాదు, చెల్లెలిది. ఈ చికిత్స విజయగాథ దాదాపు మొత్తంగా ఒకరి రక్తం ఇంకొకరిని బతికించిన కథ. కంపెనీ మనకు అమ్మేది మాత్రం "మీ బిడ్డ రక్తం మీ బిడ్డకే" అనే కథ.

ఆ కథ ఎక్కడ తప్పుతుందో పదో తరగతి జీవశాస్త్రం చాలు చెప్పడానికి. తలసీమియా బిడ్డ జన్యువుల్లో వున్న జబ్బు. ఆ బిడ్డ బొడ్డు రక్తంలోనూ అదే జన్యువు వుంటుంది. చెడిపోయిన విత్తనాన్ని దాచిపెట్టి మళ్ళీ అదే చేలో చల్లితే ఏం మొలుస్తుంది? చిన్నతనంలో వచ్చే కొన్ని రక్త కాన్సర్ల తొలి మార్పులు పుట్టేనాటికే రక్తంలో వుండవచ్చు కాబట్టి అక్కడా సొంత రక్తం నమ్మదగింది కాదు. పెద్దయ్యాక పనికొస్తుందిలే అంటారు. పెరిగిన మనిషి బరువుకు ఒక సంచీలోని కణాలు తరచు చాలవు. అందుకే పెద్దవాళ్ళకు ఇద్దరు వేర్వేరు బిడ్డల సంచీలు కలిపి ఎక్కించే పద్ధతి వచ్చింది. తన బొడ్డు రక్తం తనకే పనికొచ్చే అవకాశం సుమారు 2,700 మందిలో ఒకరికని అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ అంచనా. భారత వైద్య పరిశోధనా మండలి 2017లోనూ, తిరిగి 2023లో బొడ్డు రక్తం బ్యాంకుల మీద విడిగా తెచ్చిన మార్గదర్శకాల్లోనూ, ముందు జాగ్రత్త పేరుతో సొంతానికి దాచుకోవడానికి శాస్త్రీయమైన ఆధారం లేదనే చెప్పింది. శిశువైద్యుల అకాడమీ 2018లో అదే మాట అంది. అయినా కాగితాలు అచ్చవుతూనే వున్నాయి. "మాకు లైసెన్సుంది" అంటారు. ఔషధ నియంత్రణ నిబంధనల కింద వచ్చే ఆ లైసెన్సు నిల్వచేసే పద్ధతికే. ఆ నిల్వ మనకు అవసరమనే సర్టిఫికెట్ కాదు.

ఇంత బలహీనమైన సరుకు ఎలా అమ్ముడవుతోంది? తల్లి భయం మీద. గర్భిణి అంటే ఎటు నొక్కితే అటు లొంగే మనసు అని ఈ వ్యాపారానికి బాగా తెలుసు. "ఒక్కసారి మాత్రమే వచ్చే అవకాశం" అని రాస్తారు. అంటే వదులుకుంటే అది నీ తప్పు, జీవితాంతం. మంచి తల్లి అనిపించుకోవడానికి మన సమాజం పెట్టిన పరీక్షలు చాలవన్నట్టు పుట్టకముందే ఇంకో పరీక్ష. బిడ్డకు రేపు ఏ జబ్బొచ్చినా "ఆనాడు దాచిపెట్టుంటే" అనే వేలు ఎవరివైపు చూపిస్తుందో మనకు తెలియదా?

డబ్బు ఎవరు కడుతున్నారన్నది ఇంకా లోతుగా చూడాల్సిన సంగతి. మన ప్రాంతంలో మొదటి కాన్పు పుట్టింటి బాధ్యత. మార్టూరులో నాతో మాట్లాడిన ఒక తల్లి, రెండెకరాల మిరప కౌలుకు చేసే మనిషి, ఇలా లెక్క చెప్పింది. "పెళ్ళికి ఇచ్చాం, శ్రీమంతానికి పెట్టాం, కానుపు ఖర్చు ఎట్టాగూ మాదే. ఇప్పుడు అల్లుడుగారు హైదరాబాదు నుంచి ఫోను చేసి ఈ బొడ్డు చీటీ కూడా కట్టమంటన్నాడు మేడమ్. కట్టకపోతే రేపు పిల్లోడికి ఏదన్నా అయితే నీ పుట్టింటోళ్ళు కక్కుర్తి పడ్డారని నా కూతుర్నే అంటారు గదా." చీటీ అనే మాట ఆమెదే. ఏడాదికింత అని వాయిదాల్లో కట్టేది ఆమె అనుభవంలో చీటీ కాక మరేమిటి? ఎత్తుబడి మాత్రం ఎవరికీ రాని చీటీ. కట్నం మీద పాతికేళ్ళుగా మాట్లాడుతున్న మనం, పురిటి మంచం దగ్గరదాకా వచ్చిన ఈ కొత్త రూపాన్ని వైద్యమనుకుని వదిలేస్తున్నాం. అల్లుడు అడిగింది కారు కాదు కాబట్టి, బిడ్డ ఆరోగ్యం కాబట్టి, కాదనడానికి ఆ తల్లికి నోరు లేదు.

దీనికి తోడు మన సంప్రదాయాన్ని సాక్ష్యానికి పిలుస్తున్నారు. ఊడిన బొడ్డును ఎండబెట్టి తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టడం మనకు తెలిసిన ఆచారమే. అది మూలకణాల బ్యాంకని, మన పూర్వీకులు అన్నీ ముందే కనిపెట్టారని ఫోన్లలో సందేశాలు తిరుగుతున్నాయి. ఎండిన తోలు ముక్కలో బతికిన కణం ఒక్కటి వుండదు. తాయెత్తు కట్టిన అమ్మమ్మ దాన్ని వైద్యమని అమ్మలేదు కూడా. దిష్టి తగలకుండా, ప్రేమకొద్దీ, గుర్తుగా కట్టింది. రాగి రేకు ఖర్చు తప్ప ఎవరికీ అప్పుపడలేదు.

2017 తర్వాత మన దేశంలో "కమ్యూనిటీ బ్యాంకింగ్" అనే కొత్త పేరు వచ్చింది. డబ్బు కట్టిన కుటుంబాలన్నీ తమ సంచీలను ఒక ఉమ్మడి నిల్వలో పెడితే, ఎవరికి అవసరమైతే వాళ్ళు అందులోంచి సరిపోయేది తీసుకోవచ్చు. సొంత రక్తం సొంతానికి పనికిరాదన్న నిజాన్ని కంపెనీలే ఒప్పుకున్నట్టయింది, అంతవరకు సంతోషం. కానీ ఆ ఉమ్మడిలోకి టిక్కెట్టు కొన్నవాళ్ళకే ప్రవేశం. మన జిల్లాల్లో "మీ కమ్యూనిటీ ఏంటండీ" అని అడిగితే కులం అడిగినట్టు. ఇక్కడ కూడా ఆ మాట అర్థం పెద్దగా మారలేదనిపిస్తుంది. ఇదే దేశంలో ముట్టు రక్తాన్ని దాచిపెడతామని కూడా పథకాలు పెట్టారు. ముట్టయిన ఆడపిల్లను వాకిట్లో కూర్చోబెట్టే సమాజంలో ఆ రక్తానికి లాకరు! పరిశోధనా మండలి 2017లో అలాంటి నిల్వలను అనుమతించబోమంది కాబట్టి సరిపోయింది.

దాచిన చోట భద్రంగా వుంటుందా? 2019లో స్విట్జర్లాండ్‌కు చెందిన క్రయో-సేవ్ అనే కంపెనీ మూతపడింది. వేలాది యూరప్ కుటుంబాల సంచీలు పోలెండ్‌లోని మరో సంస్థకు తరలిపోయాయి. 2023లో సింగపూరులో కార్డ్‌లైఫ్ అనే సంస్థ ట్యాంకుల్లో చలి సరిపోక సుమారు 2,200 సంచీలు పాడయ్యాయని ఆ దేశపు ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటించింది. సింగపూరులో పరిస్థితి ఇదయితే, 75 ఏళ్ళు దాస్తామని సంతకం పెట్టే మన కంపెనీ 75 ఏళ్ళు వుంటుందని ఎవరు సంతకం పెడతారు?

సరే, దానం సంగతి. మార్టూరులో కాన్పయ్యే స్త్రీ దానం చేద్దామనుకున్నా తీసుకునేవాళ్ళెవరు? అందరికీ అందుబాటులో వుండే ప్రజా బ్యాంకులను ఈ దేశంలో నిలబెట్టడం చాలా కష్టమయింది. చెన్నైలోని జీవన్ లాంటి లాభాపేక్ష లేని సంస్థలు పూనుకున్నాయి. కానీ ఒక్కో సంచీని పరీక్షించి, మైనస్ 196 డిగ్రీల్లో ఏళ్ళతరబడి వుంచడానికి ప్రభుత్వం డబ్బు పెట్టకుండా ఆ పని సాగదు. కోట్లు పెట్టగలిగిన పెట్టుబడి సొంత బ్యాంకుల వైపు పోయింది. అందుకే మన దగ్గర "దానం" అనేది చాలాసార్లు ఎంపికగా కాక అలంకారంగా వుంటుంది, కాగితం మీద రెండో గడి నింపడానికి. పోనీ దానాల బాట వేసిన అమెరికాలో చూస్తే, తల్లి ఉచితంగా ఇచ్చిన సంచీ రోగి ఆసుపత్రికి చేరేసరికి పదులవేల డాలర్ల బిల్లవుతుంది. ఇప్పుడు సగం జన్యువులు మాత్రమే కలిసే తల్లి, తండ్రి, తోబుట్టువుల నుంచి మూలకణాలు తీసుకునే పద్ధతి మెరుగుపడటంతో బొడ్డు రక్తం అవసరమే తగ్గుతూ వచ్చింది.

దానం అనగానే మనం చేతులు జోడించకుండా ఆగి ఆలోచించడానికి మనకు సొంత కారణాలున్నాయి. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి స్త్రీలను పోగుచేసినప్పుడు, అది ప్రయోగమన్న సంగతే వాళ్ళకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన అక్కడికి వెళ్ళి నిలదీసి, సహేలీ, చింగారీలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు, అందులో ఎందరో హాస్టళ్ళలోని గిరిజన పిల్లలకు, గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా ప్రయోగం జరిగింది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆపించేదాకా ఆగలేదు. 2011లో మన పక్కనే వున్న పిడుగురాళ్ళ నుంచి పేద స్త్రీలను ఏజెంట్లు డబ్బు ఆశచూపి హైదరాబాదులోని ఔషధ ప్రయోగాలకు తీసుకెళ్ళిన సంగతి బయటపడింది. వీటన్నిటిలోనూ మాట ఒకటే, విజ్ఞానం కోసం, పదిమంది మేలుకోసం. రేపు ప్రజా బ్యాంకు పేరుతో ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డుల్లో సేకరణ మొదలైతే, ఎవరి బిడ్డల బొడ్డు ముందు బిగుస్తుందో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు.

నేను మూలకణ చికిత్సకు వ్యతిరేకిని కాను. ఇంట్లో ఇప్పటికే తలసీమియా బిడ్డ వుండి, తల్లి మళ్ళీ గర్భవతి అయితే, కొత్త బిడ్డ రక్తాన్ని ఆ బిడ్డకోసం తీసి వుంచడానికి నిజమైన వైద్య కారణం వుంది. పరిశోధనా మండలి కూడా ఆ సందర్భాన్ని వేరుగానే చూసింది. అది తల్లిదండ్రులు అప్పు చేసి కొనుక్కునేది కాకూడదు, ప్రభుత్వ వైద్యంలో భాగం కావాలి. కానీ అంతకంటే ముందు జరగాల్సింది ఒకటుంది, దాని గురించి ఏ రంగుల కాగితమూ మాట్లాడదు. మేనరికాలు ఇంకా సాగుతున్న మన ప్రాంతంలో గర్భం తొలినెలల్లోనే తలసీమియా, సికిల్ సెల్ జన్యువు మోస్తున్నారేమో చూసే రక్తపరీక్ష తల్లికీ తండ్రికీ చేయాలి. బ్యాంకు ఫీజు ముందు దాని ఖర్చు లెక్కలోది కాదు. అది ఎందుకు జరగదో మన కార్యకర్తలకు తెలుసు. భార్య చెయ్యి చాపినంత సులభంగా భర్త చెయ్యి చాపడు. తేడా ఆమె రక్తంలోనే వుందని తేలాలి ఆ ఇంటికి.

దానం చేయాలనే కోరిక నిజంగా వుంటే దారి వేరే వుంది. దాత్రి లాంటి రిజిస్ట్రీలు 2009 నుంచి మన దేశంలో మూలకణ దాతల పేర్లు నమోదు చేస్తున్నాయి. చెంప లోపలి తడి కాస్త దూది పుల్లతో తీసి ఇస్తే చాలు. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి, తన ఒంటిది, తన ఇష్టంతో, అడిగిన రోజున ఇవ్వొచ్చు. బిడ్డ బొడ్డు రక్తం దానం చేద్దామని ఉత్సాహపడే తండ్రులను ముందు అక్కడికి పంపిద్దాం.

మనలోనే కొందరు మిత్రులు అడుగుతారు. ఆమె డబ్బు, ఆమె బిడ్డ, ఆమె నిర్ణయం, మీరెవరు వద్దనడానికి? స్త్రీ నిర్ణయాధికారం కోసం ఇన్నేళ్ళు పోరాడి ఇప్పుడు మీరే అడ్డం పడతారా? ఈ వాదన నాకు కొత్త కాదు. ఆడపిండాన్ని తీసేయించుకోవడం కూడా ఆమె ఎంపికే కదా అని 1980లలో మనల్ని అడిగారు. ఎంపిక అనాలంటే ఎదురుగా వున్నదేమిటో పూర్తిగా తెలియాలి, కాదంటే శిక్ష వుండకూడదు. ఏ జబ్బుకు పనికొస్తుంది, ఏ జబ్బుకు పనికిరాదు, ఇది తీస్తే బిడ్డకు తగ్గేదేమిటి, రాయించిన డాక్టరుకు ముట్టేదెంత అనే నాలుగు ముక్కలు చెప్పిన తర్వాత కూడా ఆమె దాచుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. ఆ నాలుగు ముక్కలు చెప్పి సంతకం తీసుకున్న చోటు నాకింతవరకు కనబడలేదు. రోగిని పంపినందుకు కమిషన్ తీసుకోవడం 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారమే తప్పు. దాన్ని బహుమతి అని, ప్రోత్సాహకమని ఏ పేరు పెట్టినా తప్పే.

ఆశా కార్యకర్తలూ ఏ.ఎన్.ఎం.లూ వున్న మన సంఘాలకు ఇక్కడ చేయదగ్గ పని చాలా వుంది, అందులో మొదటిది చాలా చిన్నది. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మీ మండలంలోని నర్సింగ్ హోముల్లో, కాన్పు కేసు షీటు అడిగి చూడండి. బిడ్డ పుట్టిన సమయం నిమిషాలతో సహా రాస్తారు, జాతకం కోసం ఎలాగూ అందరూ అడుగుతారు కాబట్టి. బొడ్డు బిగించిన సమయం రాసే గడి వుందా? వుంటే నింపుతున్నారా? ప్రసవగది గోడ మీద గడియారం నడుస్తోందా? కంపెనీ మనిషి వార్డులోకి ఎవరి అనుమతితో వస్తున్నాడు? వచ్చే సంచిక లోపల చిలకలూరిపేట, మార్టూరు, అద్దంకి, పర్చూరు వైపు మిత్రులు చూసి రాస్తే, ఆ కాగితాలు పట్టుకుని ఆయా జిల్లాల వైద్యాధికారుల దగ్గరికి వెళ్దాం.